ఐదు సెకన్లు నొక్కిపట్టే బటన్

మా కంపెనీ పికప్ ట్రక్కులో గేరు కర్ర పక్కన ఒక చిన్న బటన్ ఉంటుంది. దాని మీద ఒక కారు బొమ్మ, కారు వెనక పాము పాకినట్టు రెండు వంకర గీతలు. ఆ బటన్‌తో నాకు పని పడేనాటికి నాకు యాభై ఎనిమిదేళ్ళు. అప్పటికి నలభై నాలుగేళ్ళుగా బండి నడుపుతున్నాను. నడపడం గురించి ఎవరో నాకు కొత్తగా చెప్పవలసింది ఉంటుందని నేను అనుకోలేదు.

మా ఆఫీసు కొండాపూర్‌లో ఉంది. పెద్ద భవనాలు కట్టబోయే చోట భూమిలోకి బోర్లు వేసి, ఎంత లోతున మట్టి ఉంది, ఎంత లోతున రాయి తగులుతుంది అని చెప్పడం మా పని. నేను సైట్ ఇన్‌ఛార్జిని. మెదక్ వైపు మా తాతగారి పేరు చెబితే ఇప్పటికీ ముసలివాళ్ళు లేచి నిలబడతారు. వాళ్ళు పోతే నిలబడేవాళ్ళు ఉండరని నాకు తెలుసు. మా నాన్నగారి కాలానికే ఇంట్లో మిగిలింది రెండు పెద్ద అద్దాలు, ఒక జీపు, నిటారుగా కూర్చునే అలవాటు. అద్దాలూ జీపూ పోయాయి. అలవాటు నాకు వచ్చింది. సైట్‌కి కూడా ఇస్త్రీ చొక్కాతోనే వెళతాను. ఆఫీసులో నా వెనక నన్ను ‘దొర’ అంటారని తెలుసు. ఎదురుగా అనే ధైర్యం ఒక్కడికే ఉండేది. అతను మా డ్రైవర్.

అతనిది పాలమూరు. నలభై దాటి ఉంటాయి. మా దగ్గరికి రాకముందు ఆరేళ్ళు రాయదుర్గం ఆఫీసుల రాత్రి షిఫ్టులకు క్యాబ్ తోలాడు. పగలు నిద్ర పట్టక కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవట. మా కంపెనీలో చేరాక పెళ్ళాంపిల్లలతో కలిసి రాత్రి అన్నం తింటున్నానని, ఆ ఒక్క సంగతి కోసమే ఈ పని వదలనని నాతో రెండు మూడుసార్లు అన్నాడు.

ఆ వేసవిలో మాకు పుప్పాలగూడ వెనక ఒక రాతిగుట్ట మీద పని వచ్చింది. గుట్ట చుట్టూ మూడు పక్కల అపార్ట్‌మెంట్లు లేచిపోయాయి. నాలుగో పక్క మొరం పోసి చేసిన దారి. బోరు వేసే యంత్రాన్ని క్రేన్‌తో ఒకసారి పైకి చేర్చారు. కానీ నీళ్ళ డ్రమ్ములు, డీజిల్, పైపులు రోజూ పైకి పోవాలి. భూమిలోంచి తీసిన రాతి ముక్కలను వరుసగా పేర్చిన చెక్కపెట్టెలు రోజూ కిందికి రావాలి. అందుకే మాకు ఆ పికప్ ఇచ్చారు. నాలుగు చక్రాలకూ బలం అందే బండి.

మొదటిరోజు డ్రైవర్ ఎక్కించబోయాడు. సగం దారిలో, సరిగ్గా నిటారు మొదలయ్యే చోట, బండి నీరసించి ఆగిపోయింది. యాక్సిలరేటర్ తొక్కుతూనే ఉన్నాడు. ఇంజన్ మూలిగింది కానీ బలం రాలేదు. ఎవరో వెనకనుంచి నడుము పట్టుకుని లాగుతున్నట్టు ఉంది.

“దిగు” అన్నాను. పద్నాలుగో ఏట పొలం గట్ల మీద జీపు నేర్చుకున్నవాణ్ణి నేను. స్టీరింగ్ ముందు కూర్చుని, వెనక్కి పోయి, ఊపు తీసుకుని వచ్చాను. సరిగ్గా అదే చోట ఆగింది.

అతను కిటికీ దగ్గరకొచ్చి లోపలికి తొంగిచూశాడు.

“జీపు మీ మాట ఇన్నది గని దొరా, ఇది కంప్యూటర్. దీనికి మీ ఇంటిపేరు తెల్వదు.”

“నోరు మూసుకుని రాయి పెట్టు చక్రం కింద.”

“పెట్టిన. రాయికి గూడ తెల్వదంట.”

మూడురోజులు అంతే. బోరు యంత్రం మీద పనిచేసే నలుగురూ నీళ్ళు బిందెలతో భుజాన మోసుకుని పైకి ఎక్కారు. నేను ఎవరినీ అడగలేదు. షోరూమ్‌కి ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో చెప్పేవారు. కానీ, బండి గుట్ట ఎక్కడం లేదు, ఏం చేయాలి అని ఫోన్‌లో ఒక కుర్రగొంతును అడగడం నా వల్ల కాలేదు. మూడోరోజు సాయంత్రం బండి సొరుగులోని పుస్తకాన్ని ఇంటికి తీసుకుపోయి, కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చున్నాను.

“పరీక్ష ఎప్పుడు?” అంది మా ఆవిడ.

“రేపు పొద్దున.”

“పాసైతే చెప్పండి, పాయసం చేస్తాను.”

పుస్తకంలో ఉన్నది ఇది. రోడ్డు మీద బండి మలుపు తిరిగేటప్పుడు వెనకభాగం పక్కకు జారబోతే, మన కంటే ముందు బండి దాన్ని కనిపెడుతుంది. ఏ చక్రం పట్టు తప్పుతోందో చూసి ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేస్తుంది, ఇంజన్ బలం తగ్గిస్తుంది, బండిని దారిలోకి తెస్తుంది. తారురోడ్డు మీద ఇది ప్రాణాలు కాపాడే ఏర్పాటు. గుట్ట మీద లెక్క వేరు. వదులు మొరంలో చక్రం కాస్త గిర్రున తిరగాలి, పైపొరను తవ్వుకుని కింద గట్టినేలను అందుకోవాలి. బండి అది తెలుసుకోలేదు. చక్రం తిరుగుతోందంటే జారుతోందనే అనుకుంటుంది, మనకు మేలు చేద్దామని బలం తీసేస్తుంది. అందుకే అలాంటి చోట దాన్ని ఆపుకోవడానికి ఆ బటన్ పెట్టారు.

నేను ఆ బటన్ నొక్కలేదా అంటే నొక్కాను. రెండోరోజే నొక్కాను. ఊరికే ఒకసారి నొక్కితే సగమే ఆగుతుందట. బండి కదలకుండా ఉన్నప్పుడు ఐదు సెకన్లు నొక్కిపట్టాలి. డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగి అలాగే నిలిచిపోవాలి. అప్పుడుగానీ పూర్తిగా ఆగదు. మళ్ళీ ఇంజన్ ఆపి స్టార్ట్ చేసినప్పుడు దానంతటదే పనిలోకి వస్తుంది. ఆ చివరి వాక్యం కూడా చదివాను. అర్థమైంది. ఇక దాని గురించి బెంగ లేదని పుస్తకం మూసేశాను.

మర్నాడు గుట్ట కింద బండి ఆపి, మనసులో ఐదు లెక్కపెట్టి, దీపం నిలిచాక ఎక్కించాను. నిటారు దగ్గర చక్రాలు తిరిగాయి, ఎర్రదుమ్ము లేచింది, ఒక క్షణం బండి పక్కకు ఊగింది, తర్వాత పట్టు దొరికింది. పైకి చేరేసరికి నలుగురూ చప్పట్లు కొట్టారు. డ్రైవర్ వెనక నడిచి వచ్చి, “ఏం మంత్రం ఏసిండ్రు సార్?” అన్నాడు. చెప్పలేదు. ఎక్కించి చూపించాను గానీ నేర్పలేదు. గుట్ట ఎక్కించడం ఆరోజు నుంచి నా పని అయింది. ఆ వయసులో అలాంటి పని ఒకటి దొరకడం నాకు ఎంత బాగుండేదో ఇప్పుడు చెప్పుకోవచ్చు.

వారం తర్వాత ఒకరోజు గుట్ట కింద నేను ఫోన్ మాట్లాడుతుంటే, డ్రైవర్ బండి తుడుస్తూ పసుపు దీపం చూశాడు. ఏదో తేడా వచ్చిందనుకుని బటన్ నొక్కి ఆర్పేశాడు. నేను చూసుకోకుండా ఎక్కించాను. నిటారు దగ్గర బండి ఆగిపోయింది, వెనక్కి జారింది, రెండు నీళ్ళ డ్రమ్ములు దొర్లి కిందికి పోయాయి. అందరి ముందూ అతన్ని గట్టిగా కేకలేశాను.

“ఈ బండిలో నేను పెట్టింది నేనే తీస్తాను. ఇంకొకరి చెయ్యి పడకూడదు. అర్థమైందా?”

“గట్లనే సార్” అన్నాడు. ఆ రోజంతా దొరా అనలేదు.

ఇక్కడ మా ఇంటి అలవాటు ఒకటి చెప్పాలి. నేను నలుగురిలో బండి ఇంజన్ ఆపను. మా జీపు బ్యాటరీ నా చిన్నతనంలోనే చచ్చిపోయింది, కొత్తది వేయించే రోజులు కావు. ఇంటి దగ్గర దిబ్బ మీదనుంచి దొర్లించి స్టార్ట్ చేసేవాళ్ళం. అందుకని నాన్నగారు ఏ ఊరికి పోయినా, ఎవరింటి ముందు ఆగినా, ఇంజన్ ఆపేవారు కాదు. ఆపితే ఎవరైనా వచ్చి నెట్టాలి. వచ్చేవాళ్ళు ఒకప్పుడు మా పొలాల్లో పనిచేసినవాళ్ళే. పిలిస్తే వస్తారు, నెడతారు, కాదనరు. నెట్టాక వాళ్ళు వెనక్కి తిరిగి పోతూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం నేను ఒకసారి చూశాను. నాన్నగారు కూడా జీపు అద్దంలో చూశారు. ఆ తర్వాత ఆయన పెళ్ళిళ్ళకు పోయినా జీపు బయట గురగురలాడుతూనే ఉండేది. పెద్ద హోదా అనుకునేవాళ్ళు కొందరు. నేను ఆ చేతికిందే నడపడం నేర్చుకున్నాను.

ఈ పికప్‌కి బ్యాటరీ బ్రహ్మాండంగా ఉంది. అయినా గుట్ట దిగి, గేటు దగ్గర ఆగి, రెండు చక్రాలకే బలం అందే గేరులోకి మార్చి, ఇంజన్ నడుస్తుండగానే దిగి డ్రైవర్‌కు అప్పగించేవాణ్ణి. అతను పెట్టెలు తీసుకుని కొండాపూర్ పోయేవాడు.

“బంద్ చెయ్యరేంది సార్ ఎన్నడు?” అని ఒకసారి అడిగాడు.

“అలవాటు.”

“డీజిల్‌కి గూడ తెలుసా మీ అలవాటు?”

గేరు మార్చడం ఏ రోజూ మరచిపోలేదు. బటన్ సంగతి ఏ రోజూ తట్టలేదు. దానంతటదే వస్తుందని చదివాను కదా. ఇంజన్ ఆపితేనే వస్తుందన్నది చదివి కూడా, నేను ఆపనన్న సంగతి దానితో కలిపి చూసుకోలేదు. రెండు నెలలు రోడ్లు ఎండి ఉన్నాయి. ఏమీ కాలేదు.

జూన్‌లో మొదటి గట్టి వాన పడింది. మధ్యాహ్నం మూడు గంటలకు బండి అప్పగించాను. పావుగంటలో ఫోన్ వచ్చింది. సర్వీస్ రోడ్డు మలుపులో బండి డివైడర్‌కి కొట్టుకుంది. గొడుగు కూడా తీసుకోకుండా నడిచి పోయాను. అప్పటికే అతను బండిని స్టార్ట్ చేసి ఒక పక్కకు తీసి పెట్టాడు. ముందు బంపర్ లోపలికి పోయింది, ఎడమ దీపం పగిలింది. వెనక రెండు పెట్టెలు తెరుచుకుని రాతి ముక్కలు రోడ్డంతా చెల్లాచెదురయ్యాయి. ఆఫీసుల నుంచి వస్తున్న బైకులవాళ్ళు వాటిని తప్పించుకుంటూ పోతున్నారు. అతను వానలో వంగి ఒక్కొక్కటే ఏరుతున్నాడు.

“నీకేమైనా అయిందా?”

“నాకేం కాలే. తోక తిప్పింది దొరా. బ్రేకు గూడ గట్టిగ తొక్కలే. నలభై స్పీడుల ఉన్న, అంతే. ఎన్నడన్న గిట్ల చేసిందా ఇది?”

లోపలికి తొంగిచూశాను. డాష్‌బోర్డు మీద పసుపు దీపం లేదు. పక్కకు తీయడానికి మళ్ళీ స్టార్ట్ చేశాడు కాబట్టి ఆరిపోయింది. మధ్యాహ్నం చివరిసారి గుట్ట ఎక్కబోయే ముందు ఆ బటన్ మీద నొక్కిపట్టిన నా వేలు నాకు గుర్తుంది. ఏం జరిగిందో నాకు తెలిసిపోయింది. నేను కూడా వంగి రాతి ముక్కలు ఏరాను.

సాయంత్రం ఆఫీసులో మా మేనేజర్ ప్రమాదం రిపోర్టు ఫారం ముందు పెట్టుకుని కూర్చుంది. గోదావరి వైపు ఆవిడ, ముప్పై ఐదేళ్ళుంటాయి, పని విషయంలో చాలా ఖచ్చితం.

“బిల్డర్ వాళ్ళ రూల్ ఉంది కదండీ. డ్రైవర్ నిర్లక్ష్యం వల్ల ప్రమాదం అయితే గేట్ పాస్ రద్దు. వాళ్ళ ఏ సైట్‌కీ రానివ్వరు. మన పనంతా వాళ్ళదే. అతన్ని పెట్టుకుని నేనేం చేయనండి?”

“నలభైలో ఉన్నాడట.”

“బండిలోని ట్రాకర్ కూడా అదే చెబుతోంది. నలభై రెండు. మరి ఎందుకు జారింది? ఫోన్ చూస్తున్నాడేమో. కారణం అన్న గడిలో ఏదో ఒకటి రాయాలి కదా. రేపు మధ్యాహ్నంలోగా పంపాలి. మీకేమైనా తెలిస్తే చెప్పండి.”

తెలియదని నేను అనలేదు. తెలుసనీ అనలేదు. రేపు మాట్లాడదాం అని లేచి వచ్చాను. ఇంట్లో అన్నం ముందు కూర్చుంటే, ఈ పని పోతే అతను ఈ వేళప్పుడు ఎక్కడ ఉంటాడో గుర్తొచ్చింది. సగంలో లేచాను.

పొద్దున గేటు ఎదుటి చాయ్ బండి దగ్గర అతను ఉన్నాడు. పాస్ ఇంకా మెడలోనే వేలాడుతోంది.

“ఇంక ఎన్ని గంటలు దీనికి?” అన్నాడు పాస్ పట్టుకుని చూపిస్తూ. “ఫొటో మంచిగొచ్చింది. ఇయ్య బుద్ధయితలేదు.”

నేను పక్కన నిలబడ్డాను. అతను ఇంకో చాయ్ చెప్పాడు.

“నిన్న దీపం వెలిగి ఉంది” అన్నాను. “పసుపు దీపం. నేను బటన్ నొక్కి అలాగే ఇచ్చాను. అందుకే జారింది.”

“తెలుసు.”

“ఏం తెలుసు?”

“దీపం ఉన్నది చూసిన. రోజు ఉంటది గద, రోజు చూస్త.”

“చూసి ఎందుకు తీయలేదు?”

అతను నావైపు తిరిగి మొదటిసారి కాస్త కోపంగా చూశాడు. “ఏమన్నరు మీరు? అందరి ముంగట ఏమన్నరు? ఇంకొకల చెయ్యి పడొద్దన్నరు. మీరు పెట్టింది నేనెట్ల తీస్త?”



“పోనీ మేడమ్‌కైనా చెప్పవచ్చు కదా నిన్న?”

“ఏమని చెప్పాలె? మా సార్ బటన్ ఒత్తి మరిచిపోయిండు అనా? మీరు చెప్తే అది నిజం. నేను చెప్తే చాడీ. పని కోసం పెద్దమనిషి మీద చాడీ చెప్పిండు అంటరు. మీకొక్కరికే ఉంటదా సార్ ఇజ్జత్?” చాయ్ గ్లాసు నా చేతికిచ్చాడు. “పరేషాన్ కాకుండ్రి. క్యాబ్‌లకు పోత మళ్ళ. రాత్రులు నాకు కొత్తవి కావు.”

చాయ్ వేడిగా ఉంది. చల్లారేదాకా ఆగకుండా తాగేసి ఆటో ఎక్కాను.

మేనేజర్ గదిలో కూర్చోలేదు, నిలబడే చెప్పాను. కూర్చుంటే మధ్యలో ఆగిపోతానని భయం. బటన్ ఏం చేస్తుందో, గుట్ట మీద ఎందుకు ఆపాలో, రోడ్డు మీదికి దిగేటప్పుడు ఎందుకు ఆపి ఉండకూడదో చెప్పాను. డ్రైవర్‌ను దాన్ని ముట్టుకోవద్దని అందరి ముందూ కేకలేసిన సంగతీ చెప్పాను. ఆవిడ రాసుకుంటూ ఆగింది.

“ఇంజన్ ఒక్కసారి ఆపి స్టార్ట్ చేసి ఇస్తే సరిపోయేది కదండీ? మీరంత అనుభవం ఉన్నవారు. ఎందుకు ఆపలేదు?”

మరచిపోయాను అంటే అయిపోయేది. కానీ అది నిజం కాదు, మళ్ళీ అనుమానం డ్రైవర్ మీదికే పోతుంది. అందుకని జీపు సంగతి చెప్పాను. బ్యాటరీ, దిబ్బ, నెట్టినవాళ్ళు, అద్దంలో మా నాన్నగారి కళ్ళు. మా ఇంటి బయట ఎవరితోనూ ఎన్నడూ అనని మాటలు. చెబుతున్నంతసేపూ గోడ మీది క్యాలెండర్ చూశాను. ఆవిడ నవ్వలేదు. పెన్ను చేతిలో అలాగే పట్టుకుని కూర్చుంది.

“ఇదంతా ఈ గడిలో పట్టదండి” అంది చివరికి, చాలా మెల్లగా.

“పట్టినంత రాయండి.”

రాసింది. బండి అప్పగించిన సమయానికి జారకుండా కాపాడే ఏర్పాటు ఆపి ఉందని, ఆపినది సైట్ ఇన్‌ఛార్జి అని, డ్రైవర్ తప్పు లేదని. ఫారం నావైపు తిప్పింది.

“కింద మీరు సంతకం పెట్టాలి. పెట్టాక కంపెనీ బండి మీరు నడపడానికి వీల్లేదండి. అది మన రూలే, నేను మార్చలేను. ఇంకోసారి ఆలోచించుకుంటారా?”

ఇంటిపేరుతో సహా పూర్తిగా సంతకం చేశాను. అలా సంతకం చేసి చాలా కాలమైంది. అక్షరాలు బాగానే వచ్చాయి.

నాలుగురోజులకు బండి వర్క్‌షాప్ నుంచి వచ్చింది. డాష్‌బోర్డు మీద మేనేజర్ ఒక కాగితం అంటింపజేసింది. గుట్ట దిగాక ఇంజన్ ఆపి మళ్ళీ స్టార్ట్ చేయాలి అని. డ్రైవర్ మెడలో పాస్ ఉంది. మా ఇద్దరి మధ్యా ఆ విషయం మళ్ళీ రాలేదు. మొదటిరోజు అతను కిటికీలోంచి తల బయటపెట్టి, “చెప్పుండ్రి ఇగ. ఎట్ల ఎక్కియ్యాలె?” అన్నాడు, అంతే.

రెండు నెలలు ఒక్కణ్ణే దాచుకున్నది చెప్పడానికి అరగంట కూడా పట్టలేదు. కింద పూర్తిగా ఆగాలి. బటన్ నొక్కి దీపం నిలిచేదాకా పట్టాలి. నిటారుకు ముందే ఊపు ఉండాలి, నిటారులో కొత్తగా తొక్కకూడదు. చక్రం తిరిగినప్పుడు భయపడి కాలు తీయకూడదు. బండి ఊగితే ఊగనివ్వాలి, స్టీరింగ్‌తో కొట్లాడకూడదు.

“ఆఖరుది కష్టం” అన్నాడు. “కాలు దానంతటదే లేస్తది.”

“లేస్తుంది. నాకూ లేచింది మొదట్లో.”

“అది అప్పుడు చెప్పలే మీరు.”

వానకు మొరం ముద్దయింది. నేను దారి పక్కన నడుస్తూ ముందుకు పోయి, నిటారు దగ్గర బండికి ఎదురుగా నిలబడ్డాను. లోపల కూర్చున్నవాడికి కనిపించని రాళ్ళు బయటినుంచి కనిపిస్తాయి. చేత్తో ఎడమ, కుడి చూపించాను. మొదటిసారి అతని కాలు లేచింది, బండి ఆగింది. రెండోసారీ అంతే. పైనుంచి నలుగురూ చూస్తున్నారు. అతని మొహం ఎర్రబడింది. నేను కిటికీ దగ్గరకు పోయి, వాళ్ళకు వినపడకుండా, “తొందరేం లేదు. వాళ్ళకు ఇవాళ నీళ్ళు సరిపోను ఉన్నాయి” అన్నాను.

మూడోసారి వెనక్కి తీసుకుని, హారన్ కొట్టాడు.

“జర పక్కకు జరుగుండ్రి దొరా. ముంగట మీరే నిలబడితే నాకు మీరే కనబడుతున్నరు, దారి కనబడ్తలేదు.”

పక్కకు జరిగాను. బండి వచ్చింది. నిటారులో చక్రాలు తిరిగాయి, బురద లేచింది, ఒళ్ళంతా పడింది. వెనకభాగం నావైపు ఒక మూర ఊగింది. అతని కాలు లేవలేదు. పట్టు దొరికిన చప్పుడు నేను కింద నిలబడి వినడం అదే మొదలు. లోపల కూర్చున్నప్పుడు అది ఇంత గట్టిగా వినపడదు. బండి నన్ను దాటి పైకి పోయింది. నేను దాని చాళ్ళలోనే అడుగులు వేస్తూ మెల్లగా ఎక్కాను.